పదకొండు మాటల సంవృతి

పక్షవాతం వచ్చి వెళ్ళాక సన్యాసిరావుకి పదకొండు మాటలు మిగిలాయి. నీళ్ళు, బస్సు, పద, అమ్మ, ఈశ్వరి, వద్దు, చలి, పేపరు, కుర్చీ, రాముడు, తొమ్మిదిన్నర. ఈ చివరిదానికి అర్థమేమిటో ఎవరికీ తెలీదు. రాముడంటే గుళ్ళో దేవుడో, వెనకింటి సైకిలుషాపు రాముడో కూడా తేలలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు విజయనగరం బస్టాండులో మైకు ముందు కూర్చుని, పార్వతీపురం బండి ఎక్కడ ఆగిందో, సాలూరు బండి ఎందుకు రాలేదో జిల్లా అంతటికీ చెప్పిన మనిషి. అలాంటి నోటికి పదకొండంటే పదకొండు ఉంచాడు దేవుడు. అందులో భార్య పేరుంది. చెల్లెలి పేరు లేదు.

ఆ చెల్లెలు త్రివేణి. నలభై ఆరేళ్ళ మనిషి, విశాఖపట్నంలో ఒక పరిశోధన సంస్థలో బీజగణితం చేస్తుంది. పెళ్ళీ పెటాకులూ పెట్టుకోలేదు. తల్లీతండ్రీ పోయాక తనని చంకనేసుకుని పెంచి, ఎమ్మెస్సీ దాకా చదివించిన అన్నయ్య నోట్లో తన పేరు మిగల్లేదని ఆమెకి చాలా కష్టంగా అనిపించింది. చిన్నపిల్లలా ఇదేం బుద్ధని తనని తనే తిట్టుకుంది. తిట్టుకుంటే పోయే కష్టం కాదది.

మాట పడిపోయిన వాళ్ళకి మాటలు అందించే యంత్రాలు అప్పటికే బోలెడున్నాయి. మనిషి 'నీళ్ళు' అంటే చాలు, 'నాకు దాహంగా ఉంది, ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వండి' అని అవి చిలకల్లా పలుకుతాయి. కానీ అది ఊహ. లోకంలో వెయ్యిమంది ఏమంటారో చూసి, వీడూ అదే అంటాడనుకోవడం. త్రివేణికి అది గిట్టలేదు. వెయ్యిమంది అనేదాంతో మా అన్నయ్యకేం పని అంది. ఆ మనిషి మాటల్లోంచి తప్పనిసరిగా వచ్చేదేమిటో అదే రావాలి, ఒక్క ముక్క ఎక్కువ రాకూడదు అంది. ఆమె పదిహేనేళ్ళుగా చేస్తున్న గణితం సరిగ్గా అదే.

గుణకారంలో ముందువెనకలు పట్టించుకోని సంఖ్యల లోకాల్ని ఆ శాస్త్రంలో రింగులంటారు. ఆ లోకంలో ఐడియల్ అని ఒక గుంపు ఉంటుంది. లోపలిదాన్ని బయటిది దేంతో గుణించినా వచ్చేది మళ్ళీ లోపలిదే; సరిసంఖ్యని దేంతో హెచ్చవేసినా సరిసంఖ్యే వచ్చినట్టు. అయితే ఈ గుంపుల అంచుల్లో కొన్ని మిగిలిపోతాయి. న్యాయంగా లోపలుండాల్సినవే, ఏదో పిసరు తక్కువై గుమ్మం బయట నిలబడ్డవి. వాటిని కూడా పిలిచి గుంపుని పూర్తిచేసి తలుపు మూసే పద్ధతి పేరు సంవృతి. త్రివేణి మాటల్ని ఆ లోకంలోకి దించింది. ఇంజనీర్లు నెత్తిన పెట్టుకునే ఒక టోపీ, పక్కన పెట్టుకునే చిన్న పెట్టె తయారుచేశారు. టోపీ మెదడులో ఏ మాట ఏ మాటతో ముడిపడి ఉందో చూస్తుంది. పెట్టె ఆ ముడుల మీద సంవృతి కట్టి, వచ్చినదాన్ని పైకి చదువుతుంది. అంతే యంత్రం.

ఆ సంస్థ పెద్ద ప్రొఫెసర్ అయ్యగారి సోమయాజులు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఇంకా నల్లబల్లా సుద్దముక్కా తప్ప మరోటి ముట్టరు. ఆయన దగ్గర ఒక ఆచారం ఉంది. రుజువు రాస్తున్నప్పుడు ఏ మెట్టునైనా వివరించకుండా 'ఇది స్పష్టం' అని రాసి దాటెయ్యాలంటే, ఆయన దగ్గర పదేళ్ళు పనిచేసి ఉండాలి. అప్పుడు ఆయనే ఒకరోజు అందరి ముందూ సుద్దముక్క చేతికిచ్చి, 'ఇంక నువ్వు రాసుకోవచ్చు' అంటారు. అలా హక్కొచ్చిన వాళ్ళు స్పష్టం అని రాస్తే, ఎలా స్పష్టమని ఎవ్వరూ అడగరు. అడిగితే రాసినవాళ్ళనే కాదు, హక్కిచ్చిన సోమయాజుల్నీ అవమానించినట్టు. త్రివేణికి ఆ హక్కు అక్కడ చేరిన పదమూడో ఏట వచ్చింది. దాన్ని ఆమె మొట్టమొదట వాడింది ఈ యంత్రం రుజువులోనే.

అదీ ఒక్క చోటే. ఎవరైనా ఒక ప్రశ్న అడిగారనుకోండి, జవాబు తేవడానికి రెండు దారులున్నాయి. మనిషి మాటలన్నిటి మీదా సంవృతి కట్టి, అందులో ఈ ప్రశ్నకి జవాబుందా అని వెతకడం పెద్దదారి. దానికి పదమూడు గంటలు పడుతుంది. ముందే ఆ ప్రశ్న దగ్గరికి కుదించుకుని, అక్కడ మాత్రం సంవృతి కట్టడం చిన్నదారి. దానికి మూడు సెకన్లు. రెండు దారుల్లోనూ వచ్చేది ఒకటే, ఇది స్పష్టం, అని త్రివేణి రాసింది. ఎవరూ అడగలేదు. మాటలు బాగా వచ్చిన నూట ఇరవైమంది మీద రెండు దారుల్లోనూ నడిపి చూశారు కూడా. అక్షరం తేడా రాలేదు.

యంత్రం కార్తీకమాసంలో విజయనగరం వెళ్ళింది. సన్యాసిరావు భార్య ఈశ్వరి దాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఇదేటి చేస్తాదమ్మా?" అంది.

త్రివేణి వంటింట్లో ఉన్న పాలగిన్నె చూపించింది. "పాలల్లో తోడేస్తాం కదా వదినా. పోసిన పాలు ఎక్కడికీ పోవు, పెరుగులోనే ఉంటాయి. ఎక్కువ పాలు పోస్తే పెరుగు తక్కువ రాదు. తోడుకున్న పెరుగులో మళ్ళీ తోడేస్తే పెరుగే గాని ఇంకోటి అవదు. ఈ మూడు సూత్రాలూ తప్పకపోతే అది సంవృతి. అన్నయ్య మాటలు పాలు, ఇది తోడు."

"మరి పాలు విరిగిపోతేనో?"

"మా దాంట్లో విరగవులే" అని త్రివేణి నవ్వింది.

టోపీ పెట్టారు. సన్యాసిరావు కాసేపు దాన్ని తడుముకుని, "కుర్చీ" అన్నాడు. మూడు సెకన్లకి పెట్టెలోంచి ఆయన పాత గొంతు వచ్చింది, బస్టాండు మైకులో రికార్డయి ఉన్న గొంతు. "ఈ కుర్చీ వీధి వైపు తిప్పండి. వచ్చేపోయే వాళ్ళని చూస్తే నాకు పొద్దుపోతుంది." ఈశ్వరి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె కూలబడి ఏడ్చింది. త్రివేణి కూడా ఏడ్చింది. సన్యాసిరావు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి "నీళ్ళు" అన్నాడు. "ఏడిస్తే ఏమొస్తుంది, ముందు కాసిని మంచినీళ్ళు తాగండి" అంది పెట్టె.

మూడు నెలలు ఆ ఇల్లు పండగలా ఉంది. డ్రైవర్లూ కండక్టర్లూ వచ్చి కూర్చుని కబుర్లాడి వెళ్ళేవారు. అంతకుముందు సన్యాసిరావుతో మాట్లాడాలంటే ఓపిక కావాలి. ఒక్కో సంగతీ రెండు మూడు రకాలుగా అడగాలి; ఇష్టమైతే ఎంతసేపటికో "పద" అంటాడు, కాకపోతే "వద్దు" అంటాడు. తల ఊపుతాడు గాని ఆ ఊపుని నమ్మడానికి లేదు, ఔనన్నా కాదన్నా ఒకలాగే ఊగుతుంది. ఇప్పుడా పాట్లన్నీ తప్పాయి. ఆయన ఏదో ఒక మాట అంటాడు, మిగిలింది పెట్టె చూసుకుంటుంది. ఆయన మొహం వంక చూడ్డం అందరూ మానేశారు. పెట్టె వంక చూసేవారు.

ఈశ్వరి ఒకనాడు పెట్టె ముందు చతికిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "ఇరవయ్యేడేళ్ళు నా చేతి పులుసు తిన్నారు. బాగుందని ఒక్కనాడైనా అన్నారా? ఎలాగుండేదో ఇప్పుడైనా చెప్పండి" అని అడిగింది. "నీ చేతి పులుసు తిన్నవాడికి ఇంకో చెయ్యి రుచించదు ఈశ్వరీ. బాగుందంటే రేపు శ్రద్ధ తగ్గిస్తావేమోనని అనలేదు" అంది పెట్టె. ఆ మాట ఆమె విశాఖపట్నం ఫోన్ చేసి త్రివేణికి చెప్పింది. చెబుతూ పెళ్ళికూతురిలా సిగ్గుపడింది.

మాఘమాసంలో డాక్టరు, సన్యాసిరావు మెడలో రక్తనాళం పూడుకుపోతోందన్నాడు. అలాగే వదిలేస్తే ఏడాది తిరక్కుండా ఇంకో దెబ్బ రావచ్చు, వస్తే మనిషి దక్కడు. ఆపరేషన్ చేస్తే పదేళ్ళు బతకొచ్చు. కాకపోతే ఏడుగురిలో ఒకరికి ఉన్న మాటలు కూడా పోతాయి, ఇంక తిరిగి రావు. "ఇది మీరూ నేనూ తేల్చే విషయం కాదు. ఆయన చెప్పాలి" అన్నాడు.

ఆయన్ని అడిగారు. డాక్టరు, ఈశ్వరి, త్రివేణి ముగ్గురూ అక్కడే ఉన్నారు. సన్యాసిరావు కిటికీలోంచి బయటికి చూస్తూ "బస్సు" అన్నాడు. మూడు సెకన్లకి పెట్టె పలికింది. "డాక్టరు గారూ, నా జన్మంతా బళ్ళని టైముకి పంపించడమే పని. ఆగిపోయిన బండి ఎవరికీ అక్కర్లేదు. చేసెయ్యండి." డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గురువారం పొద్దున్న ఆపరేషన్ అని రాసేశాడు.

సోమవారం త్రివేణి సంస్థలో కూర్చుని రుజువుని పత్రికకి పంపడానికి సాపురాస్తోంది. పరాయిదేశం పత్రిక వాళ్ళకి సోమయాజుల ఆచారం ఏం తెలుస్తుంది? స్పష్టం అంటే ఊరుకోరు. సరే, రెండు వాక్యాలు రాసేద్దామని కలం పట్టింది. రెండు వాక్యాలు రాలేదు. పేజీ రాసింది, కొట్టేసింది. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. మూడింటికి ఆమెకి తెలిసిపోయింది. అది స్పష్టం కాదు, అసలు నిజమే కాదు.

తప్పు ఎంత చిన్నదంటే, బయటివాళ్ళకి చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఒక ప్రశ్న దగ్గరికి కుదించుకున్నప్పుడు, ఆ ప్రశ్నతో బొత్తిగా సంబంధం లేనిదాన్ని యంత్రం అడ్డుతొలగిస్తుంది. అంటే, గుణిస్తే దేన్నీ మార్చని ఒకటి అనే అంకెతో దాన్ని సమానం చేసేస్తుంది. ఒకటి గుంపులోకి వచ్చిందంటే ఇంకేముంది? లోపలిదాన్ని దేంతో గుణించినా లోపలిదే కదా. ఒకటిని దేంతో గుణిస్తే అదే వస్తుంది. కాబట్టి ఒకటి వచ్చాక సమస్తం లోపలికి వచ్చేస్తుంది. ఔనూ వస్తుంది, కాదూ వస్తుంది. ఏమడిగినా జవాబుంటుంది.

మరి నూట ఇరవైమందిలో ఎందుకు బయటపడలేదు? మాటలు బాగా ఉన్నవాళ్ళ మనసులో ఏ మాటా ఏ విషయానికీ పూర్తిగా పరాయిది కాదు. బస్సంటే ఆస్పత్రికెళ్ళిన బస్సు గుర్తొస్తుంది, ఆస్పత్రంటే ఆపరేషన్ గుర్తొస్తుంది. ఎక్కడో ఓ దారప్పోగు ఉంటుంది. సన్యాసిరావుకి ఆ పోగులన్నీ తెగిపోయాయి. ఆయన బస్సు ఒంటరి మాట. ఎవరి కోసం యంత్రం చేశారో సరిగ్గా వాళ్ళ దగ్గరే అది అబద్ధమాడుతుందన్నమాట.

టోపీ పట్టిన ఆనాటి రికార్డుని త్రివేణి సంస్థలో ఉన్న రెండో యంత్రంలో పెట్టింది. అదే "బస్సు". ప్రశ్న తిప్పి అడిగింది. "ఆపరేషన్ మానేద్దామా అన్నయ్యా?"

"మానేద్దాం తల్లీ. కత్తి పడితే ఉన్నదీ పోతుంది. ఉన్నన్నాళ్ళు ఇలా వీధిలోకి చూస్తూ కూర్చుంటాను" అంది పెట్టె. అదే గొంతు, అదే ఆప్యాయత.

"నువ్వు ఎప్పుడైనా వదినని ప్రేమించావా?" ప్రేమించానంది. "ఏనాడూ ప్రేమించలేదా?" లేదంది, దానికీ కడుపు తరుక్కుపోయేలా ఓ కారణం చెప్పింది. త్రివేణి అన్నయ్య మాటలన్నీ పెద్దదారిలో పెట్టి ఇంటికెళ్ళి, పడుకోకుండా తెల్లారగట్ట వచ్చి చూసింది. పదమూడు గంటలు నడిచిన యంత్రం ఒక పట్టీ ఇచ్చింది. నీళ్ళు, బస్సు, పద, అమ్మ, ఈశ్వరి, వద్దు, చలి, పేపరు, కుర్చీ, రాముడు, తొమ్మిదిన్నర. పదకొండు పెడితే పదకొండే వచ్చాయి. తెగిపోయిన మాటల్లోంచి పుట్టేది ఇంకేమీ లేదు. మూడు నెలలు ఆ ఇంట్లో మాట్లాడింది సన్యాసిరావు కాదు.

ఆమె సోమయాజుల గదికి వెళ్ళి కాగితాలు ముందు పెట్టింది. ఆయన చదివారు. చదివి చాలాసేపు సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పారు.

"నేనడగలేదు. అడగాల్సింది" అన్నారు.

"రాసింది నేను సార్."

"రాసేందుకు హక్కిచ్చింది నేను కదమ్మా. పత్రికకి మనం పంపొద్దు. యంత్రం ఇవాళే ఆపించేద్దాం." కాస్త ఆగి, "మీ అన్నగారి సంగతి ఏం చేస్తావు?" అన్నారు.

అదే తెలీక ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. ఆపరేషన్ జరిగితే అన్నయ్య పదేళ్ళు బతుకుతాడు. ఏడింట ఆరు పాళ్ళు మంచే. ఈ తప్పు సంగతి ఇద్దరికే తెలుసు. మూడ్రోజులు నోరు మూసుకుంటే చాలు, అన్నయ్య ఔనన్నాడన్న మాట అలాగే నిలిచిపోతుంది. ఆమెకి అన్నయ్య కావాలి. మనసులో ఉన్నది అదే, దాచడానికేం లేదు.

"శుక్రవారం చెప్పొచ్చు సార్" అంది.

"చెప్పొచ్చు" అన్నారు సోమయాజులు. ఆమెని తప్పుపట్టలేదు. కాసేపటికి త్రివేణే లేచి, విజయనగరం బస్సెక్కింది.

ఈశ్వరి వంటింట్లో చింతపండు పిసుకుతోంది. త్రివేణి పీట మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమెకి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అంటే ఏటి? ఆపరేషన్ చేసీమన్నది ఆయన కాదా?"

"కాదు వదినా. వద్దా అని అడిగితే వద్దనే అంటుంది."

ఈశ్వరి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. "మరి పులుసు మాట?"

త్రివేణి ఈ ప్రశ్న వస్తుందని దారిపొడుగునా భయపడుతూనే వచ్చింది. "అదీ అంతే" అంది.

"నీకు మేమేటి అపకారం చేసినాం తల్లీ?" అంది ఈశ్వరి, గొంతు పెంచకుండా. "మాట నువ్వే తెచ్చీసావు, నువ్వే పట్టుకుపోతున్నావు. చెప్పకపోతే నీదేటి పోయింది? ఆపరేషన్ అయిపోయీది. మనిషి నాకు దక్కీవాడు."

"అన్నయ్యని మనం అడగలేదు. ఇప్పుడు అడుగుదాం."

"అడిగితే వద్దంటారు. ఆయనకొచ్చిన మాటే అది. అన్నం తినమన్నా వద్దు, స్నానానికి లేమన్నా వద్దు. దానికి ఆయన ప్రాణం ముడెట్టీస్తావా? నువ్వు అడుక్కో. నేను వినను." ఆరబోసిన మిరపకాయలు ఎత్తాలని ఈశ్వరి మేడ మీదికి వెళ్ళిపోయింది. ఎండ ఇంకా చాలా ఉంది, ఎత్తాల్సిన వేళ కాదు.

త్రివేణి టోపీ తీసేసింది. పెట్టె స్విచ్ ఆపేసింది. అన్నయ్య కుర్చీ తన వైపు తిప్పుకుని, ఎదురుగా నేల మీద కూర్చుంది. మూడు నెలల తర్వాత ఆయన మొహంలోకి చూసింది. గడ్డం సగమే గీసి ఉంది. ఎడమ కంట్లో నీరు నిలిచి ఉంది.

"అన్నయ్యా, నీ మెడకి ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. చేస్తే చాలా ఏళ్ళు ఉంటావు. చెయ్యకపోతే ఉండకపోవచ్చు. ఆపరేషన్ చేయిద్దామా?"

ఆయన పెదాలు కదిపాడు. గోడ గడియారంలో ఐదు నిమిషాలు గడిచాయి. "వద్దు" అన్నాడు.

వదిన అన్నది నిజమే కావచ్చు. వద్దన్నది అలవాటు మాటే కావచ్చు. త్రివేణి తిప్పి అడిగింది. "పోనీ మానేద్దామా?"

ఇదీ వద్దంటే బాగుండునని ఆమె కోరుకుంది. రెండింటికీ వద్దంటే ఆ మాటకి విలువ లేదని తేలిపోతుంది, డాక్టరు చెప్పినట్టు చేసేయొచ్చు. సన్యాసిరావు చాలాసేపు తీసుకున్నాడు. వీధిలో ఉల్లిపాయల బండి వచ్చి, బేరాలయి వెళ్ళిపోయింది. "పద" అన్నాడాయన.

ఆమె ఆగకుండా అడిగింది. బతకాలని లేదా అంటే, "వద్దు, వద్దు" అని కుడిచెయ్యి విసిరాడు. కత్తంటే భయమా అంటే మళ్ళీ "వద్దు." ఇంక అడగడానికి ఆమెకి ఒకటే మిగిలింది.

"ఉన్న మాటలు పోతాయనా?"

"పద" అన్నాడు, ఈసారి వెంటనే. ఆ తర్వాత మేడమెట్ల వైపు తల తిప్పి, అక్షరం అక్షరం కూడదీసుకుని, "ఈశ్వరి" అన్నాడు. "ఈశ్వరి." త్రివేణి చెయ్యి పట్టుకుని, అర్థమైందా అన్నట్టు చూశాడు.

అర్థమైంది. ఆమె మేడ మెట్లెక్కి "వదినా" అని పిలిచింది. "నాకు చెప్పకు. చెప్తే దూకీస్తాను" అంది ఈశ్వరి పైనుంచి.

గురువారం పొద్దున్న ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. ఈశ్వరే తీసుకెళ్ళింది. డాక్టరు ఒప్పుదల కాగితం తీశాడు. పేరు, వయసు, చిరునామా అయ్యాయి. "పేషెంటు తన ఇష్టంతో ఒప్పుకున్నట్టే కదా?" అని, జవాబు తెలిసినవాడిలా కలం కాగితం మీద ఆనించాడు.

"ఒప్పుకున్నారు బాబూ. తమరి ముందరే కదా అన్నారు" అంది ఈశ్వరి. అని త్రివేణి వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఆడపడుచుని ఏమీ అడగలేదు. ఇప్పుడు కళ్ళతో అడుగుతోంది. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

"లేదు డాక్టరు గారూ" అంది త్రివేణి. "ఆ రోజు మాట్లాడింది మా యంత్రం. తప్పు నాది, కాగితం మీద రాసిస్తాను. మా అన్నయ్య వద్దన్నాడు. నేను రెండు వైపులా అడిగాను."

డాక్టరు సన్యాసిరావు వైపు తిరిగి స్వయంగా అడిగాడు. జవాబు రావడానికి పావుగంట పట్టింది. ఈశ్వరి మాత్రం అంతసేపు ఆగలేక, మొదటి రెండు నిమిషాల్లోనే లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. డాక్టరు చివరికి కాగితం మీద అడ్డంగా గీతకొట్టి కలం జేబులో పెట్టుకున్నాడు.

ఆటో ఎక్కేటప్పుడు ఈశ్వరి, "ఇంక నువ్వు మా ఇంటికి రాకు" అంది. త్రివేణి అక్కణ్ణుంచే బస్టాండుకి నడిచి వెళ్ళింది.

యంత్రాన్ని మూల పెట్టేశారు. త్రివేణి తన తప్పుని తనే పత్రికలో అచ్చు వేయించింది. నాలుగు పేజీలు, ఒక ఉదాహరణ, పదకొండు మూలకాలు. గణితం వాళ్ళు మెచ్చుకున్నారు. ఆమె పండగలకి ఫోన్ చేసేది, ఈశ్వరి ఎత్తేది కాదు. సైకిలుషాపు రాముడికి చేస్తే మాత్రం ఎత్తి, మీ అన్నయ్య బాగానే ఉన్నాడు, కుర్చీలో కూర్చున్నాడు, మీ వదిన పేపరు చదివి వినిపిస్తోంది అని చెప్పేవాడు.

డాక్టరు ఏడాది అన్నాడు. తొమ్మిది నెలలకే పోయాడు సన్యాసిరావు. మధ్యాహ్నం నిద్రలో పోయాడు.

పదకొండో రోజు కార్యం అయ్యాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, త్రివేణి కూడా సంచీ తీసుకుని గుమ్మం దగ్గరికొచ్చింది. ఇన్ని రోజుల్లో ఈశ్వరి ఆమెతో పలికింది లేదు.

"కూర్చో" అంది ఈశ్వరి.

త్రివేణి సంచీ కింద పెట్టి కూర్చుంది.

"ఆ రోజు నువ్వు అడిగావు కదా. నేను మేడెక్కీసాను. ఆస్పత్రిలోనూ లేచి బయటికొచ్చీసాను. ఆయన వద్దన్నారని మాత్రం తెలుసు. ఎందుకన్నారో తెలీదు." ఈశ్వరి నేల వంక చూస్తూ మాట్లాడుతోంది. "తొమ్మిది నెలలు చాకిరీ చేస్తూ అదే అనుకున్నాను. నాతో ఉండీ ఉండీ విసుగొచ్చీసిందేమో, పోదామనుకున్నారేమో అని. ఆయన్ని అడుగుదామంటే ధైర్యం చాల్లేదు. నువ్వైనా చెప్పు."

త్రివేణి మొదట్నుంచీ చెప్పింది. ఏమడిగిందో, ఎంతసేపు పట్టిందో, ఉల్లిపాయల బండి ఎప్పుడొచ్చిందో కూడా వదల్లేదు. బతకాలని లేదా అంటే చెయ్యి విసిరి వద్దు వద్దన్నాడని చెప్పింది.

"ఉన్న మాటలు పోతాయనా అని అడిగాను. ఔనన్నాడు. అని మేడమెట్ల వైపు తిరిగి, నీ పేరు అన్నాడు. రెండుసార్లు అన్నాడు వదినా."

ఈశ్వరి ఖాళీ కుర్చీ వంక తిరిగింది.

"రోజూ పిలిచేవారు" అంది. "పనుండి పిలుస్తున్నారనుకుని, ఏటి కావాలి, ఏటి కావాలి అని విసుక్కునీదాన్ని. ఏమీ కావాలనీవారు కాదు. పిలిచి ఊరుకునీవారు."